కొలను మీద కప్పు: చలికా, ఆకులకా?

మిషిగన్ రాష్ట్రంలో యాన్ ఆర్బర్, కాంటన్, నోవై వైపు ఇంటి వెనక చిన్న కొలను తవ్వించి, రబ్బరు షీటు పరిచి, కలువలు వేసి, కోయి చేపలు పెంచుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అక్టోబరు రాగానే వాళ్లందరికీ ఒకటే ప్రశ్న: శీతాకాలానికి కొలనును మూసెయ్యాలా, వదిలెయ్యాలా? ఏప్రిల్ రాగానే ఇంకొకటి: నీళ్లు పచ్చబడ్డాయి, రాళ్ల నిండా నాచు వేలాడుతోంది, ఏం మందు పొయ్యాలి? ఈ రెండింటినీ వేరువేరు సమస్యలుగా చూడటం దగ్గరే చిక్కు మొదలవుతుందని నా నమ్మకం. రెండు పక్షాలనూ ఇద్దరి నోట వినిపిస్తే విషయం తేటపడుతుందని ఈ సంవాదం రాస్తున్నాను. ఒకరు అక్కడ కొలనున్న ఇంటి అబ్బాయి. రెండోవారు భీమవరంలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన అతని పిన్ని. మనుషులు కల్పితం. వాళ్లు చెప్పే లెక్కలు మాత్రం నిజమైనవి.

అబ్బాయి: పిన్నీ, మందపాటి నల్ల టార్పాలిన్ తెచ్చాను. కొలను మొత్తం కప్పేసి, అంచుల చుట్టూ ఇటుకలు పేర్చేస్తే మళ్లీ మార్చి ఆఖర్లో తీసుకోవచ్చు. ఇక్కడ జనవరిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి దిగే రాత్రులు కూడా వస్తాయి. కప్పితే చేపలకు చలి తగ్గుతుంది. వెలుతురు తగలదు కాబట్టి పాచి చచ్చిపోతుంది. ఆకులు పడవు. ఒక్క పట్టాతో మూడు పనులూ అయిపోతుంటే వద్దంటావేంటి?

పిన్ని: ఆ మూడింట్లో ఆకుల మాట ఒక్కటే నిజం నాన్నా. ముందు చలి సంగతి చూడు. దుప్పటి మనల్ని వెచ్చగా ఉంచుతుందంటే, దాని కింద వేడి పుట్టించే ఒళ్లు ఉండబట్టి. కొలనులో ఆ వేడి ఎవరు పుట్టిస్తారు? చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడే, అది తనంతట తాను వెచ్చబడలేదు. అడుగున నేలనుంచి కాస్త వేడి వస్తుంది, అంతే. చలికాలంలో చేపను కాపాడేది నీటికున్న ఒక గుణం. నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైకి చేరుతుంది. అందుకే గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది. ఐసు నీటికంటే ఎనిమిది శాతం తేలిక కాబట్టి అది పైనే నిలిచి, కింద ఉన్న నీటికి గాలి తగలకుండా అడ్డుపడుతుంది. మూడడుగుల లోతుంటే అడుగున మూడు, నాలుగు డిగ్రీల నీటిలో కోయిలు కదలకుండా కూర్చుని చలికాలం దాటేస్తాయి. నువ్వు వెయ్యాలనుకున్న కప్పు ఐసు రూపంలో కొలనే వేసుకుంటుంది. దానికి పైన టార్పాలిన్ కలిపేది చాలా తక్కువ, తీసేసేది మాత్రం ఎక్కువ.

అబ్బాయి: తీసేసేది ఏముంది? చేపలు ఆ చలిలో దాదాపు నిద్రలో ఉంటాయి. తిండి కూడా మానేస్తాం. పైగా చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుందని నువ్వే చెబుతావు. ఊపిరికి లోటేం వస్తుంది?

పిన్ని: నిజమే, సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో పద్నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. మన కైకలూరు, ఆకివీడు చెరువుల్లో ముప్ఫై డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి నిలవదు. అయితే అది మూత పెట్టే రోజు నీటిలో ఉన్న నిల్వ మాత్రమే. మూత పడ్డాక వచ్చేది లేదు, ఖర్చయ్యేది ఉంది. మన చేపల రైతు తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని చెరువుగట్టు మీదికి ఎందుకు వెళ్తాడు? పగలంతా నీటిలోని పాచి ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రంతా చేపా, పాచీ, అడుగున కుళ్లే బురదా కలిసి దాన్ని వాడేస్తాయి. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఏరియేటర్లు వేస్తాడు. పన్నెండు గంటల చీకటికే అక్కడ ఇంత కంగారు. నల్ల టార్పాలిన్ కింద ఆ చీకటి నవంబరులో మొదలై మార్చి దాకా ఉంటుంది. చల్లటి నీటిలో అన్నీ నెమ్మదిగా సాగుతాయి కాబట్టి చేప ఒక్క రాత్రిలో చావదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నెమ్మదిగా సాగేదానికి అక్కడ నాలుగు నెలల వ్యవధి ఉంది. ఆక్సిజన్ అయిపోయాక కూడా కుళ్లడం ఆగదు. అడుగు బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. వసంతంలో ఆ బురదను ఒక గరిటెడు పైకి తీసి చూడు, కాటుకలా నల్లగా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఆ వాయువు బయటికి పోయే దారి లేకపోతే నీటిలోనే కరిగి చేప మొప్పలకు చేరుతుంది.

అబ్బాయి: మరి ఈ రాష్ట్రంలో వేల సరస్సులున్నాయి. చలికాలమంతా గట్టుకీ గట్టుకీ ఐసు కట్టేసి ఉంటాయి. ఊపిరి కోసం వాటికి ఎవరూ కన్నాలు పెట్టరు. వాటి మీద వలలూ వెయ్యరు. అడవిలోని ఆకులన్నీ వాటిలోనే పడతాయి. చేపలు బతకడం లేదా?

పిన్ని: లోతైన సరస్సుల్లో బతుకుతాయి. లోతు తక్కువై, అడుగున బురద ఎక్కువున్న సరస్సుల్లో, ఐసు మీద మంచు దట్టంగా పడ్డ ఏడాది చేపలు చస్తాయి. మిషిగన్ మత్స్యశాఖ వాళ్లకు అది బాగా తెలిసిన విషయం. ఐసు అద్దంలా ఉన్నంతకాలం వెలుతురు కిందికి దిగుతుంది, నీటిలోని మొక్కలు కాస్తో కూస్తో ఆక్సిజన్ తయారుచేస్తూనే ఉంటాయి. ఐసు మీద జానెడు మంచు పేరుకుంటే వెలుతురు దాదాపు ఆగిపోతుంది. సరస్సులో చేపకు ఎంత నీరుందో చూడు, నీ కొలనులో ఎంతుందో చూడు. నీది వెయ్యి గాలన్ల కొలను, అంటే నాలుగు వేల లీటర్ల లోపు. అందులో జానెడు పొడవున్న కోయిలు డజను వేశావు. సరస్సు తట్టుకునే పొరపాటును ఇంత చిన్న కొలను తట్టుకోలేదు. అందుకే ఇక్కడ చలికాలంలో చెయ్యాల్సిన పని కప్పడానికి సరిగ్గా విరుద్ధంగా ఉంటుంది. ఐసు మధ్య పళ్లెమంత జాగా తెరిచి ఉంచాలి. నీటిపై తేలే చిన్న హీటరు పెట్టొచ్చు. లేదా గాలి పంపు రాయిని అడుగున కాకుండా, నీటి పైభాగానికి దగ్గరగా, అడుగున్నర లోపు లోతులో వేలాడదీయాలి. అడుగున పెడితే బుడగలు ఆ నాలుగు డిగ్రీల నీటిని పైకి తోడి చల్లబరుస్తాయి. కరెంటు పోయి కన్నం మూసుకుంటే సుత్తి మాత్రం ఎత్తకు. ఆ దెబ్బ అదురు నీటిలో చేపలను గట్టిగా తాకుతుంది. మరిగే నీళ్లున్న గిన్నెను ఐసు మీద కూర్చోబెట్టు, అదే కరిగించుకుని కిందికి దిగుతుంది. రోడ్డు మీద చల్లే ఉప్పు జోలికి అసలే పోవద్దు.

అబ్బాయి: సరే, చలికి కప్పు అక్కర్లేదనుకుందాం. పాచి మాటేంటి? వెలుతురు లేకపోతే పాచి లేదు. అది జీవశాస్త్రంలో మొదటి పాఠం. గాలి కోసం ఒక మూల వదిలేసి మిగతాదంతా నల్లగా కప్పితే, వసంతానికి పాచి మిగలదు కదా?

పిన్ని: వెలుతురు లేకపోతే పాచి చస్తుంది. అయితే చచ్చిన పాచి ఎక్కడికి పోతుంది? అది తిన్న నత్రజనీ, ఫాస్ఫరసూ దాని ఒంట్లోనే ఉన్నాయి. కుళ్లినప్పుడు ఆ రెండూ మళ్లీ నీటిలోకే వస్తాయి. ఏప్రిల్‌లో నువ్వు పట్టా తీసేసరికి ఎండ సిద్ధం, ఎరువు సిద్ధం, కలువలు ఇంకా నిద్ర లేవలేదు. దారంలా సాగే నాచుకు చల్లటి నీరు పెద్ద అడ్డేమీ కాదు, కలువ ఆకు విచ్చేలోపే అది రాళ్లన్నిటినీ పట్టేస్తుంది. పాచికి వెలుతురు కావాలన్న నీ మొదటి పాఠం సరైనదే. కానీ పెరటి కొలనుకు వెలుతురు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని శాశ్వతంగా తీసెయ్యలేం. మన చేతిలో ఉన్నది ఎరువు ఒక్కటే. కెనడాలో ఒంటారియో వాయవ్యాన ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సులున్నాయి. అక్కడ 1973లో డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు 226వ నంబరు సరస్సును మధ్యలో ఒక తెరతో రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో ఆ రెండింటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడ్డ సగం పచ్చగా పాచిపట్టిపోయింది, మొదటి సగం తేటగానే ఉంది. ఎండ ఒకటే, చలి ఒకటే, నీరు ఒకటే. విమానం నుంచి తీసిన ఆ సరస్సు ఫొటో చూశాక బట్టలుతికే పౌడర్లలో ఫాస్ఫేటు ఉండాలా వద్దా అన్న చర్చే మారిపోయింది.

అబ్బాయి: అది సరస్సులో మనుషులు కావాలని వేసిన ఎరువు. నా కొలనులో ఎరువు ఎవరు వేస్తున్నారు? రాలిన నాలుగు మేపుల్ ఆకులకే నీళ్లు పచ్చబడతాయా?

పిన్ని: నాలుగాకులకు పచ్చబడవు. అయితే నీ పెరట్లో పడేవి నాలుగు కాదు. పొరుగున విస్కాన్సిన్‌లో మాడిసన్ నగర వీధుల్లో అమెరికా భూగర్భ సర్వే వాళ్లు ఈ లెక్కే తీశారు. శరదృతువులో ఆకులను వెంటవెంటనే ఎత్తి, వీధులు ఊడ్చిన చోట, ఆ కాలంలో వాన నీటితో కొట్టుకుపోయే ఫాస్ఫరస్ 84 శాతం తగ్గిందని 2016లో ప్రచురించారు. ఎండుటాకు కుళ్లి మట్టయ్యాక ఎప్పటికో ఇచ్చే ఎరువు కాదది, తడవగానే ఊరి నీటిలోకి దిగేది. రాలిన ఆకును తెల్ల గిన్నెలో నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచితే, పొద్దున్నకి నీళ్లు గోధుమరంగులోకి తిరుగుతాయి. ఆకు రూపం చెడదు, దాని సారం మాత్రం అప్పటికే కొంత నీటిలో ఉంటుంది. మన డెల్టాలో చూసినా ఇదే తేలుతుంది. చేపల చెరువులో నీరు పచ్చగా రావాలని రైతు పేడా, కోళ్ల ఎరువూ, సూపర్ ఫాస్ఫేటూ డబ్బులు పెట్టి కొని వేస్తాడు. ఆ పచ్చదనంలోనే ప్లాంక్టన్ పెరుగుతుంది, దాన్ని తిని బొచ్చె పెరుగుతుంది. అతనికి కావలసింది అది. నీకు అడుగున రాళ్లు కనబడే తేట నీరు కావాలి. అతను కొని వేసేదాన్నే నువ్వు ఆకుల రూపంలో ఊరికే పడనిస్తున్నావు. ఆకులతోపాటు చేపల మేతా ఉంది. నీటి వేడి పది డిగ్రీల కిందికి, మీ ఫారెన్‌హీట్ లెక్కలో యాభైకి దిగాక కూడా మేత వేస్తే, చేప దాన్ని అరిగించుకోలేదు, అదంతా ఎరువే అవుతుంది. ఇంకోటి చాలామందికి తట్టదు. మీకు వచ్చేది డెట్రాయిట్ వైపు కుళాయి నీరైతే, సీసం గొట్టాలు కరగకుండా అందులో ఫాస్ఫేటు కలుపుతారు. 2014లో ఫ్లింట్‌లో ఆ రక్షణ లేకపోవడం వల్లే సీసం నీటిలోకి దిగింది. తాగే నీటికి అది తప్పనిసరి. కానీ వేసవిలో ఆవిరైపోయిన నీటికి బదులు నువ్వు పైపు పెట్టి నింపిన ప్రతిసారీ కొలనుకు కాస్త ఎరువు పడుతున్నట్టే. ఇంటి కప్పు మీది వాన నీటిని డ్రమ్ములో పట్టి వాడటం మేలు.

అబ్బాయి: ఇదంతా ఏడాది పొడుగునా చెయ్యాల్సిన చాకిరీ. మార్కెట్లో పాచి మందు సీసా దొరుకుతుంది. రాగి కలిసిన మందు రెండు మూతలు పోస్తే మూడు రోజుల్లో నీళ్లు తేటపడతాయి. అల్ట్రావయొలెట్ దీపాలున్నాయి. బార్లీ గడ్డి మూటలున్నాయి. ఒక సీసాతో అయ్యేదానికి ఇంత కష్టం ఎందుకు?

పిన్ని: ఆ మూడింటినీ ఒకే గాటన కట్టకు. రాగి మందు పాచిని చంపుతుంది, అందులో సందేహం లేదు. కానీ కుప్పలుగా చచ్చిన పాచి ఒకేసారి కుళ్లి, ఆ వారంలోనే ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. పాచి మీద గెలిచిన మూడో రోజున చేపలు తేలడానికి కారణం అదే. నీరు మృదుజలమైతే (సాఫ్ట్ వాటర్) రాగి నేరుగా చేపకే విషం. ఎరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి నెల తిరిగేసరికి మళ్లీ సీసా కొనాలి. అల్ట్రావయొలెట్ దీపం అంతకంటే నయం. ఆకుపచ్చ నీటిలో విడివిడిగా తేలే సన్నటి పాచి కణాలను అది ముద్ద కట్టిస్తుంది. ఆ ముద్దలను ఫిల్టరు పట్టుకుని, నువ్వు ఫిల్టరు కడిగి పారబోస్తేనే కొలనులోంచి ఎరువు బయటికి పోయినట్టు. రాళ్లకు పట్టిన దారపు నాచు ఆ దీపం దగ్గరికే రాదు, దానికి దీపంతో పనిలేదు. బార్లీ గడ్డిని ఇంగ్లండులో 1980ల నుంచీ పరీక్షిస్తున్నారు. కొన్నిచోట్ల కొత్త పాచి రాకుండా ఆపింది, కొన్నిచోట్ల ఏమీ చెయ్యలేదు. ఉన్న పాచిని మాత్రం తీసెయ్యదు. నన్నడిగితే నాచుకు మంచి మందు చేతికర్ర. గరుకు పుల్ల ఒకటి ముంచి మెలితిప్పితే నాచు జడలా చుట్టుకుని మూరెడు మూరెడు బయటికొస్తుంది. దాన్ని తీసి మొక్కల పాదులో వెయ్యి. అది నీటిలోంచి తిన్న ఫాస్ఫరసంతా దానితోపాటు గట్టెక్కుతుంది. పాచిని చంపడం వేరు, బయటికి తీయడం వేరు. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

అబ్బాయి: ఒప్పుకుంటాను, కానీ ఒక్క విషయంలో కాదు. నువ్వు చెప్పినట్టు కొలనును తెరిచి ఉంచితే కొంగలొస్తాయి. ఇక్కడి నీలి కొంగ ఒక్క ఉదయంలో నాలుగు కోయిలను మింగి పోతుంది. రాత్రిపూట రకూన్లు. పక్కింటి పిల్లలు ఐసు మీదికెక్కితే ఆ భయం వేరు. అసలు కప్పే వద్దంటే వీటికి జవాబేంటి?

పిన్ని: కప్పే వద్దని నేనెప్పుడన్నాను? పట్టా వద్దన్నాను, వల వెయ్యమంటాను. అక్టోబరు మొదటి వారంలో, మేపుళ్లు రంగు తిరిగి రాలకముందే, సన్నకన్నుల వల బిగించు. నీటికి ఆనకుండా, మధ్యలో వంపు తిరిగిన గొట్టాల మీద పందిరిలా కడితే ఆకులు రెండు పక్కలకీ జారిపోతాయి. నీటికి ఆనితే మాత్రం ఆకు వల మీదున్నా దాని సారం నీటిలోకే దిగుతుంది, వల వేసీ వెయ్యనట్టే. వారానికోసారి దులపాలి. కొంగకూ, రకూనుకూ అదే వల అడ్డం. ఇళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు వల వెయ్యకపోవడం కాదు, తియ్యకపోవడం. తడి మంచు పడితే వల కుంగి, దానిమీది ఆకులతో సహా నీటిలో మునుగుతుంది. గట్టి మంచు కురవకముందే, థాంక్స్‌గివింగ్ నాటికి తీసెయ్యాలి. ఓక్ చెట్టు ఉంటే దాని ఆకులు ఆలస్యంగా రాలతాయి, కొన్ని కొమ్మలకే అంటుకుని ఉంటాయి. వాటిని తర్వాత చేతిజల్లెడతో ఏరాలి, తప్పదు. వల వెయ్యకముందే కలువ ఆకులను కోసెయ్యడం, అడుగు బురదను తోడెయ్యడం కూడా అయిపోవాలి. ఇక పిల్లల సంగతి. టార్పాలిన్ వాళ్లకు రక్షణ కాదు, అదనపు ప్రమాదం. దాని కింద నేలో నీరో తెలియదు. పిల్లలకు కావలసింది కంచె, గడియ పెట్టిన తలుపు.

అబ్బాయి: మరి పైన పారదర్శకంగా ఉండే పాలికార్బొనేటు గూడు? కోయిలను పోటీలకు పెంచేవాళ్లు శీతాకాలమంతా అలాంటి గూళ్లే వాడతారు. అది వెలుతురునూ ఆపదు, నీటికీ ఆనదు. నీ అభ్యంతరాలు దానికి వర్తించవు.

పిన్ని: వర్తించవు. అక్కడ నువ్వే నెగ్గావు. లోతు రెండడుగుల లోపు ఉండి, అడుగుదాకా గడ్డకట్టే భయమున్న కొలనుకు అలాంటి గూడు పనికొస్తుంది, గాలి పోయేందుకు సందు ఉంచి, లోపల గాలి పంపు నడిపినంతకాలం. జనవరి ఎండకు లోపలి నీరు వెచ్చబడి, రాత్రికి చల్లబడి, చేపకు నిలకడ లేకుండా పోతుందన్న చిక్కు ఉంది కానీ, గడ్డకట్టి చావడం కంటే అది నయమే. అంత లోతు తక్కువ కొలనైతే గూటికన్నా తేలిక మార్గం ఇంకోటుంది. చేపలను బేస్‌మెంటులో తొట్టెలోకి మార్చి ఫిల్టరు పెట్టు. నీ కొలను మూడడుగులుంది కాబట్టి నీకు ఆ రెండూ అక్కర్లేదు.

అబ్బాయి: అంటే చివరికి ఇదంతా ఒక వల, ఒక గాలి పంపు, ఒక పుల్ల దగ్గర తేలింది. ఇంత చిన్న కొలనులోకి పడే గుప్పెడు ఫాస్ఫరస్ గురించి ఇంత శ్రద్ధ పెట్టడం అవసరమా పిన్నీ?

పిన్ని: కొలను చిన్నదే, కానీ మీ వీధిలోని పెరళ్లన్నీ కలిపితే చిన్నవి కావు. యాన్ ఆర్బర్ నగరం 2006లో పచ్చికకు ఫాస్ఫేటు ఎరువు వాడకాన్ని కట్టడి చేసింది. అది అమల్లోకి వచ్చాక హ్యూరాన్ నదిలో ఫాస్ఫరస్ సగటున 28 శాతం తగ్గినట్టు మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క తేల్చారు. 2012 నుంచి ఆ కట్టడి రాష్ట్రమంతటికీ వచ్చింది. ఒక్కో ఇల్లు మానేసింది ఒక్కో సంచి ఎరువే, కానీ నదిలో తేడా కనిపించింది. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు పడమటి కొసన పాచి విషం కుళాయిల్లోకి రావడంతో టొలీడోలో నాలుగు లక్షల మందికి పైగా మూడు రోజులు ఆ నీళ్లు తాగలేకపోయారు. దానికి ముఖ్య కారణం మామీ నదిలో వచ్చే పొలాల ఎరువు, మీ పెరళ్లు కాదు, అది నిజం. అయినా మీ హ్యూరాన్ నది కూడా ఆ ఈరీలోనే కలుస్తుంది. కాబట్టి ఈ అక్టోబరులో వల మీద దులిపిన ఆకులను వీధి కాలువ పక్కకు ఊడ్చెయ్యకు. గోనెసంచుల్లో పట్టి కంపోస్టు గుంటలో వెయ్యి, పక్కింటివాళ్లకూ చెప్పు. ఆ టార్పాలిన్ విప్పకుండా ఉంటే దుకాణంలో తిరిగి ఇచ్చేసి, ఆ డబ్బుతో గాలి పంపు కొనుక్కో.